మిరపకాయల నెపం

వినుకొండ దాటి ఈపూరు రోడ్డు పట్టుకుంటే, ఊరు అయిపోయిన చోట చలమయ్య శెట్టిగారి మిరప షెడ్డు కనపడుతుంది. కనపడకముందే తెలుస్తుంది. బస్సులో కునికేవాడు కూడా అక్కడికి రాగానే రెండు తుమ్ములు తుమ్మి లేచి కూర్చుంటాడు. కాయ దిగుబడి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆ షెడ్డులో పద్దెనిమిది మంది ఆడవాళ్లు రెండు వరుసల్లో పీటలు వేసుకుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తారు. ఎడమచేత్తో కాయ పట్టుకోవడం, కుడిచేతి గోటితో తొడిమ గిల్లడం, కాయను చేటలో పడేయడం. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు అదొక పనా అనిపిస్తుంది. అలా అనుకునేవాళ్లను ఒక్క పూట ఆ పీట మీద కూర్చోబెట్టాలి.

ఆ ముఠాకు పెద్ద జాహెదా. యాభై అయిదేళ్లుంటాయి. ఆమె మొగుడు ఖలందర్ బస్టాండు వెనక స్కూటర్లు బాగుచేస్తాడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. షెడ్డులో ఈ చివర కూర్చుని ఆ చివర ఎవరు తాలుకాయను మంచికాయలో కలిపారో చెప్పగలదు. ఇరవై రెండేళ్లుగా ఆమె వేసిన పీటలే పీటలు, ఆమె చెప్పిన వరుసే వరుస. తన ముఠాలో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా తనకు తెలుసని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వట్టిదని చెప్పే ధైర్యం పదిహేడు మందిలో ఎవరికీ లేదు.

షెడ్డులో ఒక అలవాటుంది. ఎవరు పెట్టారో తెలియదు కానీ అందరూ పాటిస్తారు. కళ్లలో నీళ్లు కారుతుంటే ఎందుకని అడగకూడదు. అడగడానికి మాత్రం ఏముంది, పొద్దున పీట మీద కూర్చున్న దగ్గర్నుంచి అందరికీ కారుతూనే ఉంటాయి. ఇంట్లో మాట పడి వచ్చినవాళ్లు, ఒంట్లో బాగోక వచ్చినవాళ్లు, నెపం మిరపకాయల మీద పెట్టి కడుపునిండా ఏడ్చి వెళ్తారు. జాహెదా కూడా తల్లి పోయిన నెలంతా ఈ షెడ్డులోనే ఏడ్చింది. ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకుంది.

ఫిబ్రవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం ఉజ్మా ఆ షెడ్డులోకి వచ్చింది. వినుకొండ పిల్లే, టైర్లకు పంక్చర్లు వేసే వసీం కూతురు. గుంటూరులో సైకాలజీ చదివి ఒక సంస్థలో ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్లు ఆమెకు బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను ఇచ్చి, మనసు బాగోలేని వాళ్లు వస్తారు, మాట్లాడి పంపమన్నారు. మూడు నెలలు కూర్చుంది. మనసు బాగోలేదని ఆ మెట్లెక్కినవాళ్లు ఒక్కరూ లేరు. ఫ్యాను బాగుచేయడానికి ఒకతను వచ్చాడంతే. ఇక లాభం లేదని తానే కాగితాలు సంచిలో పెట్టుకుని మనుషులున్న చోటికి బయల్దేరింది.

ఆ కాగితంలో పన్నెండు ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఫలానా బాధ ఎన్ని రోజులుందో అడగాలి. అసలు లేకపోతే సున్నా, రోజూ ఉంటే మూడు. అన్నీ కూడి ఇరవై దాటితే మనిషి కుంగుబాటులో ఉన్నట్టు లెక్క.

"ఖాలా, ఈ రెండు వారాల్లో మీకు ఎన్ని రోజులు కన్నీళ్లొచ్చాయి?" అని పిన్ని వరస కలిపి జాహెదాతోనే మొదలుపెట్టింది ఉజ్మా.

"రోజూ."

"రోజూనా?"

"ఆదివారం తప్ప" అంది జాహెదా కాయ గిల్లుతూ.

ఉజ్మా పాపం మొహం చిన్నబుచ్చుకుని మూడు వేసింది.

"నిద్ర పడుతుందా?"

"ఏడ పడుద్ది బేటీ? కన్ను మూస్తే చేతులు మంటలు."

"ఆకలి?"

"నీళ్లే తాగం. ఇంక ఆకలేంది?"

"పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలనిపిస్తుందా?"

దానికి జాహెదా కంటే ముందు అబిదా జవాబు చెప్పింది. ముఠాలో చిన్నది, యేడాది పిల్ల తల్లి. "ఎట్టా తీసుకుంటాం మేడం? ఈ చేతులు తగిల్తే పిల్ల గగ్గోలు పెట్టుద్ది. మా అత్తే ఎత్తుకుంటది."

ఉజ్మా దానికీ మూడు వేసింది. ఎందుకు అని రాసుకునే జాగా ఆ కాగితంలో లేదు. అలా ఒక్కొక్కరినీ అడుగుతూ రెండు వరుసలూ పూర్తిచేసి, చివరికి జాహెదా పక్క పీట మీదున్న సుకన్య దగ్గరికి వచ్చింది. సుకన్యకు ముప్పై రెండేళ్లు. నాలుగేళ్ల కిందట మొగుడితో, అత్తతో రొంపిచెర్ల నుంచి వచ్చి వినుకొండలో అద్దెకుంటోంది. మాట తక్కువ, చెయ్యి వేగం. కన్నీళ్లొస్తున్నాయా అంటే లేదండి అంది. నిద్ర పడుతుందా అంటే పట్టుద్ది అంది.

"పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలనిపిస్తుందా?"

సుకన్య చేతిలోని కాయ ఒక్క క్షణం ఆగింది. "అనిపిస్తదండి. రోజూ అనిపిస్తది."

ఉజ్మా సంతోషంగా సున్నా వేసింది. మొత్తం కూడితే సుకన్యకు వచ్చింది ఒకటి.

"చూశావా, మా సుకన్య గట్టిది" అంది జాహెదా, ఆ గట్టితనమేదో తానే పెంచినట్టు. పిల్లలు లేని మనిషి కాబట్టి అలా అని ఉంటుందిలే అనుకుంది. వచ్చిన కొత్తలో పిల్లలున్నారా అని అడిగితే లేరని సుకన్యే చెప్పింది. అప్పట్లో జాహెదా ఆమెకు రెండు దర్గాల పేర్లు కూడా చెప్పింది. సుకన్య తలూపి ఊరుకుంది.

వారం తిరిగేసరికి షెడ్డు ముందు ఒక వ్యాను ఆగింది. దానికి పెద్ద గుడ్డ కట్టి ఉంది. మానసిక రోగులకు ఉచిత వైద్య శిబిరం అని ఎర్రక్షరాలు. అందులోంచి దిగినాయన చేతిలో జాబితా. పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి తీవ్రమైన కుంగుబాటట, మాత్రలు ఇస్తారట. రోడ్డు మీద పోయే ఆటోలన్నీ ఆగి ఆ గుడ్డ చదువుకుని మరీ వెళ్లాయి. సాయంత్రానికి ఊళ్లో మాట ఇంకా పెరిగింది. శెట్టిగారి షెడ్డులో ఆడవాళ్లందరికీ పిచ్చి పట్టిందట అన్నారు. అబిదా అత్తగారు బీరువా తాళాలు కొంగుకు ముడేసుకుంది. ఒకామె మొగుడు గ్యాసు పొయ్యి వెలిగించొద్దని చెప్పి తానే టీ పెట్టుకున్నాడు. ఇరవై యేళ్ల కాపురంలో అతను టీ పెట్టడం అదే మొదటిసారి.

మరునాడు చలమయ్య శెట్టిగారు గేటు దగ్గర ఆఫీసు గదికి జాహెదాను పిలిపించారు. మనిషి చెడ్డవాడు కాదు. భయస్తుడు, అంతే.

"జాహెదా, నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి. పిచ్చోళ్ల చేత పని చేయిస్తున్నాడని పేరొస్తే నా సరుకు మొహం చూసేవాడుండడు. ఈ లోడు పదిరోజుల్లో వెళ్లుద్ది. అది వెళ్లినాక మాచర్ల నుంచి వేరే ముఠాను పిలిపిస్తున్నా. ఏమనుకోమాక."

"పిచ్చేందయ్యా, మాకేం పిచ్చి?"

"నాకేం తెలుసు? చదువుకున్నోళ్లు కాగితమ్మీద రాశారు."

సీజను నడిమధ్యలో పద్దెనిమిది మంది కూలి పోతుంది. అంతకంటే, ఆ మచ్చ పోదు. వేరే షెడ్డుకు వెళ్లినా వ్యాను ముఠా అనే అంటారు. జాహెదాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులైనా కడుక్కోకుండా ఆటో ఎక్కి బస్టాండు దగ్గర మేడమెట్లు ఎక్కింది. మనసు బాగోలేక ఆ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమేనని చెప్పాలి.

"ఏమే పిల్లా, నా ముఠాకు పిచ్చని రాస్తావా? ఇరవై రెండేళ్లు వాళ్ల పక్కన కూసున్నా. ఎవరికి ఏ బాధో నాకు తెలవదా? నీ కాగితానికి తెలిసిందా?"

ఉజ్మా లేచి నిలబడింది. తిట్లన్నీ వింది. తన చదువు గురించి గానీ, తన ఆఫీసు గురించి గానీ, నేను కాదు ఖాలా వాళ్లే అని గానీ, ఒక్క మాటా నోటికి రానివ్వలేదు. జాహెదా ఆయాసపడి ఆగాక అంది: "నేను ఎక్కడో తప్పు చేశాను ఖాలా. ఎక్కడో నాకు తెలియట్లేదు. రేపట్నుంచి నాకొక పీట వేస్తారా?"

జాహెదా పోట్లాటకు వచ్చింది. పీట మాట ఆమె లెక్కలో లేదు. "పొద్దున్నే ఎనిమిదింటికి రా. ఆలస్యమైతే వేయను" అని మెట్లు దిగింది.

ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చింది ఉజ్మా. మొదటి గంటలో కళ్లు చింతనిప్పులయ్యాయి. రెండో గంటలో చున్నీతో కళ్లు తుడుచుకోబోతే, "చేతులు మొహం మీదికి పోనీయమాకమ్మా!" అని పద్దెనిమిది గొంతులూ ఒకేసారి అరిచాయి. మధ్యాహ్నం నీళ్లు తాగబోతే అబిదా చెయ్యి పట్టుకుని ఆపింది. తాగితే వెళ్లాల్సి వస్తుంది, వెళ్లడానికి ఇక్కడ మరుగుదొడ్డి లేదు, రోడ్డవతల తుమ్మచెట్ల దాకా పోవాలి, అక్కడ లారీలవాళ్లుంటారు. అందుకని ఎవరూ తాగరు. ఉజ్మా సీసా మూత పెట్టేసింది. సాయంత్రానికి తల పగిలిపోతోంది. అయినా రెండో రోజు వచ్చింది, మూడో రోజూ వచ్చింది. మూడు రోజుల్లో ఆమె తీసిన తొడిమలు అబిదా ఒక పూటలో తీసేవాటికంటే తక్కువే. ఆ మాట అందరూ ఆమె మొహం మీదే అని నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం వేళ సంచిలోంచి కాగితం తీసి నేల మీద పరిచింది.

"రాత్రి దీన్ని నా గురించి నేనే నింపాను ఖాలా. కన్నీళ్లు రోజూ. నిద్ర లేదు. ఆకలి లేదు. మా అక్క కూతుర్ని దగ్గరికి రానివ్వలేదు. మొత్తం ఇరవై ఆరు. మీ పద్దెనిమిది మందిలో ఎవరికీ అంత రాలేదు."

ముందు అబిదా నవ్వింది, ఆ వెనక షెడ్డంతా నవ్వింది. "అయితే వ్యాను నీకే రావాలి గదే!" అంది జాహెదా, కళ్ల నీళ్లు మోచేత్తో ఒత్తుకుంటూ.

ఉజ్మా అక్కడికక్కడే నరసరావుపేటలో ఉన్న తన పైఅధికారి గోపాలరావుకు ఫోను కలపమని అబిదాకు చెప్పింది. మిరప చేతులతో ఫోను చెవి దగ్గర పెట్టుకోలేదు కదా, అబిదా సీసా నీళ్లతో చేతులు కడుక్కుని నెంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను పీట మీద పెట్టింది. అందువల్ల ఆ మాటలన్నీ అందరూ విన్నారు.

"సార్, నేనిచ్చిన జాబితా తప్పు. వెనక్కి తీసుకోవాలి."

"ఏందమ్మా తీసుకునేది? పదిహేడని పైకి పంపించాం. ఇప్పుడు తప్పంటే ముందు నీ ఉద్యోగం సంగతి అడుగుతారు. ఊరుకో."

"అడగనీయండి సార్. తప్పు నాది. నా సంతకంతో రాసిస్తాను. వీళ్లకు జబ్బు లేదు. వీళ్లు కూర్చునే చోటుకుంది. నేను చోటును చూడకుండా మనుషులకు మార్కులు వేశాను."

అవతల ఫోను పెట్టేశారు. జాహెదా ఆ పిల్లను కొత్తగా చూసింది. రాసుకుపోయే ఆఫీసర్లను ఆమె చాలామందిని చూసింది. కూలిరేట్లని వచ్చారు, పింఛన్లని వచ్చారు, సర్వే అని వచ్చారు. రాసింది తప్పు, తప్పు నాది అన్న మనిషిని మాత్రం ఈ జన్మకు ఇదే చూడటం. అందులోనూ ఇరవై ఆరేళ్ల పిల్ల, కొత్త ఉద్యోగం, ఇంటి దగ్గర పంక్చర్లు వేసే తండ్రి. జాహెదా మళ్లీ మోచేత్తో కళ్లు ఒత్తుకుంది. అదృష్టం, ఆ షెడ్డులో దానికి కారణం చెప్పక్కర్లేదు.

"ఉద్యోగం పోతే ఏం చేస్తావే?" అంది.

"మీ ముఠాలో పీట ఉందిగా."

"నీ చేతివేగానికి నేనివ్వను" అంది జాహెదా, తన టిఫిను డబ్బాలోని ఉడికించిన గుడ్డు తీసి ఆమె గిన్నెలో వేస్తూ.

అన్నాలయ్యాక ఉజ్మా చెప్పింది. "కమ్యూనిటీ సైకాలజీ అని మాకొక సబ్జెక్టుంది ఖాలా. మనిషి బాధపడుతుంటే మనిషిలో ఏం లోపముందో వెతకడం ఒక పద్ధతి. ఆ మనిషి ఉన్న చోటులో ఏముంది, దాన్ని ఆ మనుషులే కలిసి ఎలా మార్చుకుంటారు అని చూడటం ఇంకో పద్ధతి. ఆ రెండోది చదివే ఉద్యోగానికొచ్చాను. వచ్చి, గదిలో కుర్చీ వేసుకుని మర్చిపోయాను. ఇప్పుడు చెప్పండి, ఈ షెడ్డుకేం జబ్బు?"

ఇన్నేళ్లలో వాళ్లను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అబిదా కాళ్ల దగ్గరి తొడిమలు గుప్పెడు తీసి నేల మీద నాలుగు గోడలు పేర్చింది. ఇది గేటు, ఇది కాయ పోసే రాశి, ఇవి మన పీటలు. ఇంకొకామె ఒక తొడిమ తెచ్చి పడమటి షట్టరు పెట్టింది. దుమ్మొస్తుందని అది లారీ వచ్చినప్పుడు తప్ప మూసే ఉంటుంది. లారీ దించడానికి సుళువని రాశిని పడమట పోస్తారు, ఆడవాళ్లు తూర్పున కూర్చుంటారు. ఈ కాలంలో గాలి పడమటి నుంచే వస్తుంది. షట్టరు సందుల్లోంచి దూరి, రాశి మీదుగా, నేరుగా వీళ్ల మొహాల మీదికి. జాహెదా ఆ తొడిమల షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్లుగా పీటలు వేస్తోంది తనే. తూర్పున వేస్తోంది.

"రాశిని ఇటు పొయ్యాలి. మనం అటు కూసోవాలి" అంది మెల్లగా. "షట్టరు తియ్యాలి. తూరుపు గోడకు లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టాలి."

ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఉజ్మా తరం కాలేదు. కొళాయి ఇక్కడ, సబ్బు ఇక్కడ, మరుగుదొడ్డి వెనకవైపు, దానికి లోపల గడియ. తొడిమలు చాలక పక్కనున్న తొడిమల కుప్పలోంచి తెచ్చుకున్నారు. సుకన్య ఒక్కతే తన పీట మీద నుంచి లేవలేదు.

"ఇట్టానే ఉంటే ఏమైందక్కా? అలవాటైపోయింది గదా" అంది.

"నీకేమే, గట్టిదానివి, తట్టుకుంటావు. మాకు కళ్లు పోతున్నయ్" అని కసిరింది జాహెదా.

శెట్టిగారితో ఎవరు మాట్లాడాలన్న దగ్గర చిక్కొచ్చింది. అందరూ ఉజ్మా వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను మాట్లాడితే నేనున్నన్నాళ్లే ఉంటుంది ఖాలా. మీరు మాట్లాడితే మీతో ఉంటుంది. నేను పక్కన కూర్చుంటా." ఊరందరి మీదా అరిచే జాహెదా, శెట్టిగారి ముందు ఇన్నేళ్లలో అట్టాగేనయ్యా అన్న మాట దాటి మాట్లాడి ఎరగదు. ఆ సాయంత్రం ఖలందర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి శెట్టిగారనుకుని రెండుసార్లు చెప్పి చూసుకుంది. ఖలందర్ రెండుసార్లూ ఒప్పుకున్నాడు. ఆమె మాటకు కాదనడం అతనికి అలవాటు లేదు కాబట్టి దానివల్ల ప్రయోజనం లేకపోయింది.

మరునాడు శెట్టిగారిని షెడ్డు లోపలికే పిలిచింది. ఆయన లోపలికి వచ్చి ఎన్నేళ్లయిందో. సరుకు చూడాలంటే గుప్పెడు కాయ ఆఫీసు గదికే వెళుతుంది. ముఠా మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జాహెదా నేల మీది తొడిమల షెడ్డు చూపించి, తడబడుతూ మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యాక తడబాటు పోయి, గాలి సంగతి, రాశి సంగతి, నీళ్ల సంగతి అన్నీ చెప్పింది. పావుగంట పట్టింది. ఆడవాళ్లంతా చూస్తుండగా లేచి వెళ్లడానికి ఆయనకు నామోషీ అయింది. కళ్లలోంచి ధారలు కట్టాయి. పంచె కొంగు తడిసింది.

జాహెదా ఆగింది. "ఏంది శెట్టిగారూ, ఏడుస్తున్నారు? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

శెట్టిగారు ఎర్రటి కళ్లతో ఆమెనూ, రెండు వరుసలనూ, మూసిన షట్టరునూ చూశారు. తుమ్మారు. ఆ తర్వాత ఆయనకే నవ్వొచ్చింది.

"ఆ వ్యాను నాక్కూడా పంపించేట్టున్నారే! సరే, అన్నీ చేయిస్తా గానీ నన్ను బయటికి పోనీయండమ్మా" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "మాచర్లోళ్లకు రావద్దని చెప్తాలే" అన్నారు. ఉజ్మా రాసిచ్చిన కాగితాన్ని, జాబితా తప్పని ఆమె సంతకంతో ఉన్నదాన్ని, ఆఫీసు గదిలో అందరికీ కనపడేట్టు అంటించారు. ఉజ్మా ఆఫీసువాళ్లు ఆమెను సంజాయిషీ అడిగారు. ఆమె తొడిమల షెడ్డు ఫోటో జతచేసి నాలుగు పేజీలు పంపింది. దానికి ఇంకా జవాబు రాలేదు.

పని పూర్తికావడానికి మూడు వారాలు పట్టింది. రాశి తూర్పుకు మారింది, పీటలు పడమటికి వచ్చాయి. షట్టరు ఎత్తారు. తూర్పు గోడలో రెండు ఫ్యాన్లు ఘాటును బయటికి ఈడ్చిపారేస్తున్నాయి. గుమ్మం పక్కన కొళాయి, దాని మీద సబ్బు. వెనక మరుగుదొడ్డి, దానికి లోపలి గడియ. ఆ గడియను మొదటి రోజు పద్దెనిమిది మందీ వేసి తీసి చూశారు.

ఆ రోజు ఉజ్మా కూడా వచ్చి పీట మీద కూర్చుంది. పది గంటలవేళ జాహెదా తల ఎత్తి వరుస పొడుగునా చూసింది. ఎవరి కళ్లూ ఎర్రగా లేవు. ఎవరూ మోచేతులతో ఒత్తుకోవడం లేదు. అబిదాకు బుగ్గమీద పుట్టుమచ్చ ఉందని ఇన్నాళ్లకు కనపడింది. నీళ్ల సీసాలు చేతులు మారుతున్నాయి. జాహెదా గుండె నిండిపోయింది. ఈ పిల్ల చేసింది అనుకుంది. కాదు, ఈ పిల్ల మా చేత చేయించింది అనుకుని, ఆ రెండో మాటకు ఇంకా మురిసిపోయింది.

అప్పుడు పక్క చేటలో టప్‌మని చప్పుడైంది. ఎండుకాయ మీద నీటిచుక్క పడితే అలాగే వినపడుతుంది. జాహెదా తల తిప్పింది. సుకన్య తల వంచుకుని కాయలు గిల్లుతోంది. చెయ్యి వేగం తగ్గలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గడ్డం మీద నుంచి చేటలో పడుతున్నాయి. రోజూ ఎలా కారతాయో అలాగే.

జాహెదా షట్టరు వైపు చూసింది. తీసే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. షెడ్డు అలవాటు ప్రకారం చూపు తిప్పుకోబోయింది. తిప్పుకోలేకపోయింది.

"ఎందుకే ఏడుస్తన్నావు?"

శెట్టిగారితో వేళాకోళానికి తప్ప షెడ్డులో ఆ మాట ఎప్పుడూ ఎవరూ అనలేదు. చేతులన్నీ ఆగిపోయాయి.

"ఘాటక్కా" అంది సుకన్య.

"ఘాటు లేదు గదే."

సుకన్య తల ఎత్తి చుట్టూ చూసింది. అన్నీ పొడి మొహాలే. దాక్కోవడానికి ఆ షెడ్డులో ఇక చోటు లేదు.

"నాకొక పాపుండేదక్కా" అంది. "ఆరేళ్లు. జ్వరమొచ్చి మూడ్రోజుల్లో పోయింది. ఇంట్లో ఏడిస్తే మా అత్త దీపాలేళ ఏడవమాక, ఇంటికి మంచిది కాదంటది. ఆయన లేచి బయటికి పోతాడు. ఆ ఊళ్లో ఉండలేక ఇటొచ్చాం. ఇక్కడైతే పొద్దస్తమానం ఏడ్చినా ఎవరూ అడగరని ఎవరో చెప్పారు. అందుకే ఈ పనికొచ్చా."

నాలుగేళ్లు. మూరెడు దూరంలో. జాహెదాకు తాను చెప్పిన దర్గాలు గుర్తొచ్చాయి, గట్టిది అని పొగిడిన మాట గుర్తొచ్చింది, సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అవతలి వరుసలో ఉజ్మా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. రోజూ అనిపిస్తది అన్న జవాబుకు తాను వేసిన సున్నా ఆమె కళ్ల ముందే ఉన్నట్టుంది. పద్దెనిమిది మందిలో ఆమె జాబితాకు ఎక్కనిది ఈ ఒక్క మనిషే. సంచి పక్కనే ఉంది. కాగితం కోసం ఉజ్మా దానివైపు చూడనైనా లేదు.

జాహెదా లేచింది. మిరప చేతులతో ఎవరినీ ముట్టుకోకూడదు. కొళాయి దగ్గరికి వెళ్లి, సబ్బు తీసుకుని, మోచేతుల దాకా రెండుసార్లు రుద్ది కడిగింది. ఆమె వెనక అబిదా నిలబడింది, అబిదా వెనక ఉజ్మా, ఆ వెనక మిగతా అందరూ. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. కడుక్కున్న చేతులతో జాహెదా వచ్చి నేల మీద కూర్చుని సుకన్యను ఒళ్లోకి లాక్కుంది. నాలుగేళ్లలో ఆ మనిషిని తాకడం ఆమెకు అదే మొదలు. సుకన్య గొంతు విడిచి ఏడ్చింది. శెట్టిగారు ఆఫీసు గదిలోంచి గబగబా వచ్చి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, చడీచప్పుడు లేకుండా వెనక్కి వెళ్లిపోయారు.

చాలాసేపటికి ఏడుపు తెరిపినిచ్చింది. అబిదా నీళ్ల సీసా అందించింది. సుకన్య సగం సీసా తాగింది.

"పాప పేరేందే?" అంది జాహెదా.

సుకన్య ఆ పేరు పైకి అని చాలా కాలమైంది.

"పూర్ణిమ" అంది.

"పూర్ణిమ" అంది జాహెదా. ఆ వెనక అబిదా అంది, ఇంకెవరో అన్నారు.

జాహెదా తన పీటను సుకన్య పీటకు ఆనేట్టు జరిపింది. మిగతావాళ్లూ జరిగారు. వరుసలు చెదిరిపోయాయి, ఆ రోజు వాటిని సరిచేసే పని ఆమె పెట్టుకోలేదు.

"మాకు తెలవదు గదా ఆ పిల్ల" అంది. "ఎట్టా ఉండేదో చెప్పు."

సుకన్య మోచేత్తో మొహం తుడుచుకుంది. "చానా అల్లరక్కా" అని మొదలుపెట్టింది.